సార్‌కి యాప్ కాదు, కంప్యూటర్ నేర్పండి

"ఒరేయ్ అబ్బాయ్, స్టోరేజ్ ఫుల్ అంటోంది. ఏం తీసేయాలిరా?"

పేరాలలో నాకు లెక్కలు చెప్పిన సార్ ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే. గ్యాలరీ తెరిస్తే సగం స్కూల్ ఫొటోలే: మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు, రిజిస్టర్లు. "సార్‌కి టెక్ రాదు" అని నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు ఆ మాట అనను.

ఒక్కసారి టైమ్‌లైన్ చూడండి. 2022 ఆగస్టులో ఏపీ ప్రభుత్వ స్కూళ్లలో ముఖం గుర్తించే హాజరు యాప్ వచ్చింది, అదీ టీచర్ల సొంత ఫోన్లలో. పరికరాలు మీరే ఇవ్వండని సంఘాలు అడిగాయి. అదే ఏడాది డిసెంబర్ 21న మన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. 8వ తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా శాంసంగ్ ట్యాబ్‌లు, లోపల బైజూస్ పాఠాలు. తర్వాత క్లాసుల్లోకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు. 2025లో విడివిడి యాప్‌లని కలిపేస్తూ లీప్ యాప్.

మూడేళ్లలో ఇన్ని మారితే మనమైనా తడబడతాం. పైగా 2024లో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అసలు పాయింట్ ఇక్కడే ఉంది. ఫలానా యాప్‌లో ఏ బటన్ నొక్కాలో మాత్రమే నేర్పితే, యాప్ పోయిన రోజు ఆ చదువూ పోతుంది.

దీక్షాలో ఆన్‌లైన్ కోర్సులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ వీడియో చూస్తే ఈత రాదు, నీళ్లలో దిగాలి. నా లెక్కలో టీచర్‌కి ముందు కావాల్సినవి మూడే: మార్కులు లెక్కేసే స్ప్రెడ్‌షీట్, ఫైళ్లు సర్దుకుని బ్యాకప్ తీసుకోవడం, మోసపు లింకుల్నీ ఓటీపీ కాల్స్‌నీ పసిగట్టడం. ఇవి ఏ యాప్ వచ్చినా పనికొస్తాయి. నేర్చుకునే టైమ్ మాత్రం డ్యూటీలోనే ఇవ్వాలి, ఆదివారాలు లాక్కుని కాదు.

మన వంతు కూడా ఉంది. సార్ ఫోన్ ఇస్తే టకటకా మనమే నొక్కేసి ఇచ్చేస్తాం. అది సాయం కాదు. ఫోన్ ఆయన చేతిలోనే ఉంచి, పక్కన కూర్చోండి.

మొన్న అలాగే కూర్చున్నా. 35 కంటే తక్కువ వచ్చినవాళ్ల పేర్లు ఎర్రగా కనబడేలా షీట్ ఆయనే చేసుకున్నారు. పట్టింది ఇరవై నిమిషాలు. "ఇంతేనా? ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంరా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు.