నిర్లక్ష్యమా? అవధాన లోపమా?

తెలుగువారు తమ సొంతమని గర్వించే సాహిత్య ప్రక్రియలలో అవధానం ఒకటి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు, మరొకరు సమస్యను ఇస్తారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్ళిస్తారు, వేరొకరు నడుమ నడుమ గంట మ్రోగిస్తారు. అవధాని ఏ ఒక్కదానినీ జారవిడువక, చివరకు పద్యాలన్నిటినీ ధారణ చేసి అప్పగిస్తాడు. మనసును ఒకచోట నిలపడమే అవధానమన్న మాటకు అర్థం. ఆలోచించి చూస్తే ఇట్టి అవధానమే సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ప్రతి ఇంటి వంటగదిలోనూ తెల్లవారుజామున జరుగుతున్నది. పొయ్యి మీద పాలు, కుక్కరు ఈల, పిల్లల టిఫిను డబ్బాలు, మామగారి మందు బిళ్ళలు, నల్లా నీళ్ళు, కళాశాలకు పోయే బస్సు, మహిళా సంఘం కిస్తీ - ఇన్నిటినీ స్త్రీ ఏకకాలంలో మనసులో మోస్తున్నది. అవధానికి సన్మానం జరుగుతుంది. ఈమెకు మాత్రం ఒక్కటి మరచిన నాడు నింద ఎదురవుతుంది.

కొందరు స్త్రీల విషయంలో ఈ మరపు ఏదో ఒకనాటి మాట కాదు, నిత్యకృత్యం. వారికి తెలివికి లోటుండదు. పని చేయాలన్న కోరికకూ లోటుండదు. అయినా పాలు పొంగుతాయి, తాళం చెవులు పోతాయి, దరఖాస్తు గడువు దాటుతుంది. ఇట్టివారిని ఉర్దూలో 'లాపర్వా' అంటాం, తెలుగులో 'పరధ్యానం మనిషి' అంటాం, కోపం వచ్చినప్పుడు 'ఇల్లు పట్టనిది' అంటాం. ఇవన్నీ శీలం మీద తీర్పులే. తీర్పు చెప్పడానికి ముందు విచారణ జరగాలన్నది న్యాయసూత్రం. ఆ విచారణ మన ఇళ్ళలో గాని, మన తరగతి గదులలో గాని జరగడం లేదన్నదే ఈ వ్యాసంలో నా ఆవేదన.

వైద్యశాస్త్రం ఈ స్థితిని అవధాన లోపమని, చాంచల్యంతో కలిపి ఏ.డి.హెచ్.డి. అని వ్యవహరిస్తున్నది. ఇది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. స్కాట్లాండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే మనసు నిలువని స్థితిని గూర్చి తన గ్రంథంలో ప్రత్యేకంగా వ్రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు లండను రాయల్ వైద్య కళాశాలలో ఇట్టి పిల్లలను గూర్చి ఉపన్యాసాలు ఇచ్చాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథపు మూడవ కూర్పులో దీనికి అవధాన లోప రుగ్మత అని పేరు పెట్టింది. 2013 నాటి అయిదవ కూర్పు వయోజనుల విషయంలో నియమాలను స్పష్టం చేసింది. మెదడులో పనుల క్రమాన్ని, కాలాన్ని, ఉద్రేకాన్ని అదుపులో ఉంచే వ్యవస్థ పుట్టుకతోనే కొంత భిన్నంగా పనిచేయడం దీనికి కారణం. ఇందులో వంశపారంపర్యపు పాలు డెబ్బై శాతానికి పైబడి ఉన్నదని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కనుకనే బిడ్డను వైద్యుని వద్దకు తీసుకుపోయిన తల్లి, ఆయన అడిగే ప్రశ్నలు వింటూ, అవి తన చిన్ననాటి కథేనని గ్రహించడం తరచుగా జరుగుతున్నది.

మరి ఇంతకాలం స్త్రీలు ఎందుకు లెక్కలోకి రాలేదు? ఈ రుగ్మత అనగానే వైద్యుల మనసులో మెదిలిన చిత్రం బెంచీల మీద దుమికే మగపిల్లవాడిది. వాని అల్లరి ఇరుగుపొరుగును బాధిస్తుంది గనుక వాడు త్వరగా వైద్యుని వద్దకు చేరుతాడు. ఆడపిల్ల చాంచల్యం లోపల ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని, పాఠం సాగుతుండగా మనసు ఎక్కడికో పోయి, పిలిచినప్పుడు ఉలికిపడే బాలిక ఎవరినీ బాధించదు. 'నెమ్మదైన పిల్ల, కొంచెం శ్రద్ధ పెడితే బాగుంటుంది' అని ప్రగతి పత్రంలో వ్రాసి మనం చేతులు కడుగుకుంటాం. చిన్నతనంలో వైద్యశాలలకు వచ్చేవారిలో మగపిల్లలే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించినా, పెద్దలలో స్త్రీ పురుషుల సంఖ్య ఇంచుమించు దగ్గర పడుతున్నది. వయోజనులలో నూటికి రెండు మూడు మందికి ఈ స్థితి ఉంటుందని అంచనా. నాలుగు వందల మంది విద్యార్థినులు ఉన్న కళాశాలలో ఆ లెక్కన పదిమంది ఉండవచ్చు. వారెవరో మనకు తెలియదు. చాలాసార్లు వారికే తెలియదు.

ఇక వయోజన స్త్రీలలో కనిపించే లక్షణాలను కొంత వివరంగా పరిశీలిద్దాం.

మొదటిది కాలం. ఇట్టి స్త్రీకి 'ఇప్పుడు', 'తరువాత' అన్న రెండే వేళలు ఉన్నట్లు తోస్తుంది. పది నిమిషాల పనికి గంట పడుతుందని ముందుగా ఊహించలేదు. బస్సు కదలిన తరువాతనే స్టాండుకు చేరుతుంది. రెండవది ఆరంభ సమాప్తుల మధ్య అగాధం. కుట్టు మిషను మీద సగం కుట్టిన జాకెట్టు, సగం వ్రాసిన రికార్డు పుస్తకం, సగం సర్దిన బీరువా ఒకే ఇంట్లో కనిపిస్తాయి. విసుగు పుట్టించే దీర్ఘమైన పనిని మొదలు పెట్టడమే ఆమెకు కొండ ఎక్కినట్లుంటుంది. మూడవది వస్తువుల మరపు. ఆధార్ కార్డు, హాల్ టికెట్టు, ఫోను, కళ్ళజోడు - నిత్యం వాడేవే నిత్యం పోతాయి. నాలుగవది వినికిడి. చెవులు వింటాయి, మనసు వినదు. ఎదుటివారు చెప్పిన మూడు పనులలో రెండు జారిపోతాయి. ఎదుటివారు దానిని అవమానంగా భావిస్తారు. అయిదవది లోపలి కలవరం. కాళ్ళు కుదురుగా కూర్చున్నా, తలలో నాలుగు రేడియోలు ఒకేసారి మ్రోగుతున్నట్లుంటుంది. కొందరు గలగల మాట్లాడుతారు, ఎదుటివారి మాట పూర్తి కాకముందే అందుకుంటారు, అవసరం లేని వస్తువు కొని పిదప విచారిస్తారు. ఇట్టివారిలో చాలామంది చిన్న మాటకే కన్నీరు పెట్టుకోవడం, క్షణంలో కోపించి మరుక్షణం పశ్చాత్తాపపడడం కూడా కనిపిస్తుంది.

వీటన్నిటికీ విరుద్ధంగా తోచే లక్షణం మరొకటి ఉన్నది. మనసుకు నచ్చిన పని దొరికితే ఈమె తిండి నిద్రలు మరచి గంటల తరబడి అందులో మునిగిపోతుంది. దీనిని చూచి, 'ఇష్టమైన పని అయితే చేస్తుంది, ఇంటి పని అయితే మరుస్తుంది' అని అత్తగారు అంటారు. 'కథల పుస్తకం చదవగలదు, పాఠం చదవలేదు' అని మేము అంటాం. అపార్థమంతా ఇక్కడే పుడుతున్నది. గుర్రానికి బలం లేక కాదు, పగ్గాలు చేతికి అందక అది తనకు తోచిన దారిన పోతున్నది.

తల్లి మేల్కొలిపి, జడ వేసి, పుస్తకాలు సర్ది పంపినంత కాలం ఈ లోపం బయటపడదు. హాస్టలులో చేరిన ఏడు, ఉద్యోగంలో చేరిన ఏడు, పెళ్ళయి కోదాడ నుండి మిర్యాలగూడకో, సూర్యాపేటకో కాపురానికి పోయిన ఏడు అది ఒక్కసారిగా పైకి వస్తుంది. 'పెళ్ళికి ముందు బాగానే ఉండేది' అని పుట్టింటివారు, 'మాకు చెప్పకుండా దాచారు' అని మెట్టినింటివారు వాదులాడుకుంటారు. మారింది ఆమె కాదు. ఆమెను ఆనుకొని ఉన్న గోడ తొలగింది, మోయవలసిన బరువు పెరిగింది. నెలసరికి ముందు రోజులలో, ముట్లుడిగే వయసులో ఈ లక్షణాలు ఎక్కువ అవుతున్నట్లు చాలామంది స్త్రీలు వైద్యులకు చెబుతున్నారు.

లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆమె పడే శ్రమ మరొక విషాదం. అయిదు అలారాలు, అరచేతి మీద వ్రాతలు, పొద్దుపోయేదాకా మేలుకొని పూర్తిచేసే పనులు - ఇంత చేసి నలుగురిలో మామూలు మనిషిగా కనిపిస్తుంది. 'అందరికీ చేతనైనది నాకెందుకు చేతకాదు' అన్న ప్రశ్న ఆమెను లోలోపల తినివేస్తుంది. ఆందోళన, విషాదరోగం వెంట వస్తాయి. వైద్యుని వద్దకు పోయినా ఆ విషాదానికి మందు దొరుకుతుందే గాని, దాని వేరు ఎవరి కంటా పడదు.

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక తప్పదు. మరచిన ప్రతి మనిషీ రోగి కాదు. ఈ నిర్ధారణకు నియమాలు ఉన్నాయి. లక్షణాలలో కొన్నైనా పన్నెండేళ్ళ వయసుకు ముందే కనిపించి ఉండాలి. ఆరు నెలలకు తక్కువ కాకుండా నిలిచి ఉండాలి. ఇంట్లోనూ బయటనూ, అనగా ఒకటికి మించిన చోట్ల కనిపించాలి. జీవితానికి నిజమైన ఆటంకం కలిగించాలి. అవధానానికి సంబంధించిన తొమ్మిది లక్షణాలలో గాని, చాంచల్యానికి సంబంధించిన తొమ్మిదింటిలో గాని పెద్దలకు అయిదైనా ఉండాలి. ఇవే బాధలకు వేరే కారణాలూ ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, నిద్ర కరవైనా, దుఃఖంలో ఉన్నా మనసు నిలువదు. ముందు ఇవి చూపించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షాన 2005లో వెలువడిన స్వీయ ప్రశ్నావళి ఒకటి ఉన్నది. అందులోని మొదటి ఆరు ప్రశ్నలు వైద్యుని వద్దకు పోవాలా వద్దా అని తేల్చుకోవడానికి పనికి వస్తాయి. నిర్ధారణ మాత్రం వైద్యునిదే. ఫోనులో చూసిన రెండు నిమిషాల వీడియోతో తమకు తాము పేరు పెట్టుకోవడం తగదు.

'మన స్త్రీలకు ఉన్నది రోగం కాదు, పని భారం' అని కొందరు ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. ఇద్దరి పని ఒకరి నెత్తిన పెట్టి, ఆ ఒకరు తడబడితే రోగమనడం అన్యాయం. కాని పని భారం పెళ్ళితో వచ్చింది. అవధాన లోపం ఆమె మూడవ తరగతిలో పలక పోగొట్టుకున్న నాడే ఉన్నది. ఆ తేడాను పాత ప్రగతి పత్రాలు, తల్లి జ్ఞాపకాలు తేల్చగలవు. పైగా రెండింటికీ ఒక మందు ఉమ్మడిగా పనిచేస్తుంది. ఇంటి పనిని ఇంటివారందరూ పంచుకోవడమే ఆ మందు.

మతం పేరుతో సంకోచించేవారికి ఒక మాట. నమాజులో రకాతుల లెక్కలో పొరపాటు పడినవారికి మన ధర్మశాస్త్రం సజ్దా-ఎ-సహ్వ్ అనే రెండు సజ్దాల పరిహారం చూపింది. రోజా ఉండి, మరచి గుక్కెడు నీళ్ళు త్రాగినవారి రోజా భంగం కాదని హనఫీ పండితులు చెబుతారు. దైవసన్నిధిలోనే మరపు మన్నింపు పొందుతుంటే, పొంగిన పాలకు కోడలిని దోషిగా నిలబెట్టే అధికారం మనకెక్కడిది? రోగానికి చికిత్స వెదకడం విశ్వాసానికి విరుద్ధమని కూడా ఎవరూ అనలేదు.

అసలు భయం వేరే ఉన్నది. మన ప్రాంతంలో ఎర్రగడ్డ అన్న ఊరి పేరే తిట్టుగా మారింది. మానసిక వైద్యుని గడప తొక్కితే ఆడపిల్లకు సంబంధాలు రావని తల్లిదండ్రులు వెనుదీస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా ఇచ్చింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని విధించింది. సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి గనుక ప్రతిదానికీ హైదరాబాదు పోనక్కరలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలీ-మానస్‌కు 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే, రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే సలహా లభిస్తుంది. మందులు ఉన్నాయి, అవి నిపుణుని చీటీ మీద, పర్యవేక్షణలో మాత్రమే వాడదగినవి. ఆలోచనలను, అలవాట్లను తీర్చిదిద్దే చికిత్సా పద్ధతులూ ఉన్నాయి. తాళం చెవికి ఒకే మేకు, పెద్ద పనిని చిన్న తునకలుగా విడగొట్టడం, గోడ మీద వ్రాసిన పట్టిక వంటి సాధారణ ఏర్పాట్లూ ఎంతో మేలు చేస్తాయి.

కళాశాల కమిటీ వారికి నా విన్నపాలు మూడు. పరీక్ష రుసుము, ఈ-పాస్ ఉపకార వేతనాల దరఖాస్తుల గడువును నోటీసు బోర్డు మీద ఒకసారి అంటించి ఊరుకోక, చివరి వారంలో ప్రతి తరగతిలోనూ చదివించాలి. ఒక్క తేదీ మరచినందుకు ఒక పేద విద్యార్థిని చదువు ఆగిపోకూడదు. రెండవది, నెలకొకసారైనా మానసిక ఆరోగ్య నిపుణురాలిని పిలిపించి, విద్యార్థినులు ఏకాంతంగా మాట్లాడుకొనే గది ఏర్పాటు చేయాలి. మూడవది, మా అధ్యాపకులకే ఒక నియమం పెట్టాలి. 'శ్రద్ధ లేదు' అని వ్రాసే ముందు ఆ విద్యార్థినిని పిలిచి, ఇది ఎప్పటి నుండి, ఎక్కడెక్కడ, ఎందువల్ల అని మూడు ప్రశ్నలు అడగాలి.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ వ్యాసం చదివిన సాయంత్రం మీ ఇంట్లో తల్లినో, అక్కనో, వదినెనో ఒకసారి చూడండి. పోయిన తాళం చెవి కోసం ఆమె కంగారుగా వెదకుతూ ఉంటే, నవ్వకుండా, విసుక్కోకుండా, లేచి ఆమెతో కలిసి వెదకండి. దొరికిన తరువాత, చిన్నప్పుడూ ఇలాగే ఉండేదా అని మెల్లగా అడగండి. ఆమెను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మీరే కావచ్చు.