యజమానులును నూతన వేతన శాసనమును

2025వ సంవత్సరము నవంబరు 21వ తేదీన భారత ప్రభుత్వమువారు నాలుగు కార్మిక స్మృతులను అమలులోనికి దెచ్చిరి. అంతకు పూర్వమున్న 29 శాసనములు వీనిలో లీనమైనవి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టము, 1948 నాటి కనీస వేతన చట్టము, 1965 నాటి బోనసు చట్టము, 1976 నాటి సమాన వేతన చట్టము, ఈ నాలుగును గలిపి 2019లోనే పార్లమెంటు వేతన స్మృతిని నిర్మించెను. దాని ముఖ్యభాగము ఆఱు సంవత్సరములు పుస్తకముననే యుండి, పిమ్మట నొక్కదినమున మేల్కొన్నది. నాటినుండి మిల్లుదారులును, వర్తకులును, తోటల యజమానులును మమ్మొకటే ప్రశ్న యడుగుచున్నారు: చట్ట మిట్లు మాఱుచుండ మేమెట్లు వెంబడింపగలము?

ప్రశ్న న్యాయమైనదే. శాసనము నాంగ్లమున వ్రాసి, గెజెటులో నచ్చొత్తించి, అంతటితో ప్రజలందఱు నెఱింగిరని భావించుట ప్రభుత్వముల కలవాటు. అదియునుగాక కార్మిక విషయము రాజ్యాంగమున ఉమ్మడి పట్టికలోనిది. స్మృతి ఢిల్లీనుండి వచ్చును; మన మిల్లులకును దుకాణములకును కనీస వేతనపు రేట్లు రాష్ట్రమునుండి రావలెను. పాత చట్టముల క్రింద వెలువడిన ప్రకటనలు క్రొత్తదానికి విరుద్ధములు కానంతవఱకు చెల్లునని స్మృతియే చెప్పుచున్నది గనుక, చట్టము క్రొత్తది, రేటు పాతది యగుట సంభవించును. ఆ రేటుపై కరవుభత్యము వేఱు. వస్తుధరల సూచిని బట్టి ఏడాదికి రెండుమార్లు, ఏప్రిలు, అక్టోబరు నెలల మొదట, దానిని సవరించుట మన రాష్ట్రములలో వాడుక. పెద్ద కంపెనీకి వకీలు గలడు. నలుగురు పనివాండ్రను బెట్టుకొన్న కిరాణావర్తకునకు ఎవరు గలరు? ప్రతి సవరణ నాడును తెలుగున నొక కాగితము అచ్చువేయించి మండల కార్యాలయపు గోడపై అంటించుట ప్రభుత్వమునకు మోయరాని బరువు కాదు.

యజమానుల పక్షమున మేమింతవఱకే మాటాడగలము. మాకు దోచినంతలో వారిని బాధించునది చట్టపు మార్పుకంటె లెక్క లేమి. పనిచేసిన వాడెవడు, ఎన్ని గంటలు చేసెను, ఎంత యీయవలెను, ఏనాడిచ్చితిమి: ఈ నాలుగు మాటలును 1936 నుండి నేటివఱకు మాఱలేదు. ఇవి వ్రాతలో నున్నవానికి క్రొత్త రేటు ఒక సాయంకాలపు పని. లేనివానికి ఏ వకీలును సాయపడలేడు.

డెల్టాలో నొక బియ్యపుమిల్లు యజమాని మాకు చిరకాల మిత్రుడు. ధర్మాత్ముడు, హమాలీ ఇంట పెండ్లియైన ముందుగా బోయి నిలుచువాడు. ఆయన జీతపు పుస్తకమును జూపుమని యడుగగా సొరుగులోనుండి చేతిప్రమాణపు నోటుబుక్కు నొకదానిని దీసెను. అందు అంకెలు గలవు, పేరులు లేవు. కొన్ని పుటలపై 'పెద్దవానికి 500' అని మాత్రమే యున్నది. ఆ పెద్దవా డెవడో, ఆ 500 కూలియో, పండుగ బదులో, ఆయనకే స్ఫురింపలేదు. ఆయనపై నింతవఱకు వ్యాజ్యము రాలేదు. వచ్చెనా, జీతము చెల్లించితినని ఋజువు చేయవలసిన భారము నూతన స్మృతి ప్రకారము ఆయనదే. కనీస వేతనపు దావాకు పూర్వ మాఱునెలల గడువుండెడిది. ఇప్పుడు మూడు సంవత్సరములు. నిజముగా నిచ్చినవాడు సయితము మరల నీయవలసిన దుస్థితి యిది.

కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున, కర్మకరునితో యజమాని చేసికొన్న యొడంబడికను ఇరుగుపొరుగువా రెఱిగియుండవలెనని విధించెను. కూలి నిర్ణయింపనిచో కర్షకునకు పంటలో పదవవంతు ఇప్పించెను. అప్పుడు పొరుగువాడు చేసిన పనిని నేడు రిజిస్టరు చేయవలసియున్నది.

వేతనమను మాటకే క్రొత్త యర్థము వచ్చినది. మూలజీతమును తక్కువ జూపి తక్కినదానిని భత్యములుగా చీల్చుట పట్టణములలో పరిపాటి. నెలకు 18,000 రూపాయలలో మూలజీతము 6,000, ఇంటిఅద్దె మొదలగు భత్యములు 12,000 అనుకొందము. భత్యములు మొత్తములో సగమును, అనగా 9,000 రూపాయలను, మించినవి గనుక ఆ మించిన 3,000 తిరిగి వేతనములో జేరును. వేతనము 9,000 అగును. పదేండ్లు చేసినవానికి గ్రాట్యుటీ 6,000 పై లెక్కించిన 34,615 రూపాయలు, 9,000 పై లెక్కించిన 51,923. ఇది యజమాని సొమ్మును దోచుట యని కొంద రనుచున్నారు. పనివాడు ప్రతినెలయు గైకొన్న సొమ్మునే ముదిమినాటి లెక్కలో దాచిపెట్టుట ఏ న్యాయమో వారే చెప్పవలెను.

మా పాఠకులలో భూస్వాములు తమకీ గొడవ లేదనుకొనుచున్నారు. అది పొరపాటు. పూర్వము కనీస వేతనము పట్టికలోని పనులకే. నేడది అన్ని పనులకును జెల్లును. సేద్యమునకో, ఇంటిపనికో అయిదుగురికి మించకుండ పెట్టుకొన్నవారికి రిజిస్టరు, జీతపు చీటీ, ప్రకటన ఫలకము అక్కఱలేదన్నమాట నిజమే. కాని అధికారి యడిగినపుడు కూలి చెల్లించినట్లు తగిన నిదర్శనము వారును జూపవలెను. ఆఱవ పాలేరు వచ్చిననాడు ఆ మినహాయింపే పోవును.

అధికారి యిప్పుడు తనిఖీదారు మాత్రమే కాదు, సలహాదారు కూడ. దావాకు ముందు లోపమును సరిదిద్దుకొనుట కవకాశ మీయవలెను. అయిదేండ్లలో అదే తప్పును మరల జేసినవాని కా యవకాశము లేదు. తక్కువ కూలి యిచ్చినందుకు మొదటిసారి 50,000 రూపాయలవఱకు జరిమానా. రెండవసారి మూడునెలల చెఱయో, లక్షవఱకు జరిమానాయో, రెండునో.

మా మిల్లు మిత్రుడు గట్టి అట్టగల రిజిస్టరు నొకదానిని కొనెను. నెలజీతగాండ్రకు మరుసటి నెల ఏడవ తేదీ దాటకుండ జీతము, పని మానిపోవువానికి రెండు పనిదినములలో లెక్క తీర్పు అని మొదటి పుటపై మాచే వ్రాయించుకొనెను. ఈ వయసున తనకీ గుమాస్తాతనమేమని కొంత విసుగుకొనెను గాని, ఆ సాయంకాలమే హమాలీల నొక్కొక్కరిని బిలిచి పూర్తి పేరు చెప్పుమని యడుగుచుండగా మేము చూచితిమి. ఇరువదేండ్లుగా తన కొట్టున మూటలు మోసినవాని యింటిపేరు ఆయన అప్పుడే వినెను.