వేళాంగణి నుంచి తిరుగు ప్రయాణం



ప్రతి ఏటా ఆగస్టు 29న వేళాంగణిలో జెండా ఎగురవేస్తారు. సెప్టెంబరు 8న మరియమాత జన్మదిన పండుగతో ఉత్సవాలు ముగుస్తాయి. ఆ తర్వాత పది రోజులు మా ఓ.పి. వరుసను చూస్తే చాలు, ఏయే ఊళ్ళ నుంచి బస్సులు వెళ్ళాయో ఎవరూ చెప్పకుండానే మాకు తెలిసిపోతుంది. గుండ్లు, మెడలో కొత్త జపమాల, సంచిలో పవిత్ర జలం సీసా, కాలికి కట్టు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. వెళ్ళే ప్రయాణానికి మనం చేసుకునే ఏర్పాట్లలో సగం కూడా తిరుగు ప్రయాణానికి చేయడం లేదు. వెళ్ళేటప్పుడు ఫాదర్ గారు ప్రార్థన చేసి పంపుతారు. ఉపదేశి గారు పేర్లు పిలిచి లెక్క చూసుకుంటారు. పులిహోర, చపాతీలు కట్టుకుంటారు. వచ్చేటప్పటికి డబ్బులు అయిపోతాయి, మాత్రలు అయిపోతాయి, ఒంట్లో ఓపికా అయిపోతుంది. "ఎలాగూ ఇంటికేగా" అనుకుంటారు. విజయవాడ నుంచి వేళాంగణికి 700 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం వచ్చేటప్పుడు తగ్గదు కదా!

కొంతకాలం క్రితం ఒక అమ్మ మా దగ్గరకు వచ్చారు. 12 ఏళ్ళుగా షుగరు ఉంది. బసిలికా దగ్గర నుంచి మాత కొలను వైపు వెళ్ళే ఇసుక దారిలో మోకాళ్ళ మీద నడుస్తామని చాలామంది మొక్కుకుంటారు. ఈమె మోకాళ్ళ నొప్పుల వల్ల అలా చేయలేక, వట్టి కాళ్ళతో మిట్టమధ్యాహ్నం మూడుసార్లు తిరిగారు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ పోయి ఉంది. బొబ్బలు లేచిన సంగతి ఆమెకు తెలియలేదు. బస్సులో ఒక రాత్రి, రైలులో ఒక పగలు కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. ఇల్లు చేరాక కోడలు చీర అంచుకు రసి అంటి ఉండడం చూసింది. అయినా పసుపు రాసి రెండు రోజులు ఆగారు. మా దగ్గరకు వచ్చేసరికి వాసన వస్తోంది. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది.

"మాత కోసమే నడిచాను సిస్టర్, ఆమే చూసుకుంటుంది అనుకున్నాను" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మాలోనూ మొక్కుకున్నవాళ్ళు ఉన్నారు. మొక్కు మానమని మేము చెప్పం. తెల్లవారుజామున, ఇసుక చల్లగా ఉన్నప్పుడు తీర్చుకోండి. షుగరు ఉన్నవాళ్ళ పాదాలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు ప్రతి రాత్రీ పక్కవాళ్ళు చూడాలి.

మరో మాట చెప్పడానికి కొంచెం భయంగానే ఉంది. "మాతను దర్శించి వచ్చాం, ఇంకా మాత్రలెందుకు?" అని తిరుగు బస్సులోనే మందులు ఆపేసేవాళ్ళు ఉన్నారు. బి.పి. మాత్రలు, టి.బి. మందులు, మూర్ఛ మందులు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వెంటవెంటనే వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇది విశ్వాసం లేక చెప్పే మాట కాదు. ఫ్రాన్సు దేశంలోని లూర్దు పుణ్యక్షేత్రంలో 1883 నుంచి వైద్యుల కార్యాలయం ఉంది. స్వస్థత పొందామన్నవారిని అక్కడ వైద్యులు పరీక్షిస్తారు. తిరుసభే వైద్యుణ్ణి అడిగి చూస్తుంటే మనకు తొందర ఎందుకు? మీకు నయమైందనిపిస్తే రండి, పరీక్ష చేయిద్దాం. అంతవరకు మాత్ర ఆపవద్దు.

పవిత్ర జలం నుదుట సిలువ గుర్తు వేసుకోవడానికి వాడండి. సీసాలో రోజుల తరబడి నిలవున్న నీళ్ళు పసిపిల్లలకు, ఆపరేషన్ అయినవాళ్ళకు తాగించవద్దు. వార్డులో ఈ విషయమై మాతో చాలామంది పోట్లాడారు, అయినా ఇదే చెబుతాం.

గురువులకు, ఉపదేశులకు ఒక మనవి. బస్సు రెండు మూడు గంటలకొకసారి మరుగుదొడ్డి ఉన్న చోట ఆపించండి. ఆడవాళ్ళు దీని గురించి నోరు తెరిచి అడగరు. నీళ్ళు తాగడమే మానేస్తారు. ఇంటికి వచ్చాక మూత్రంలో మంట, చలిజ్వరంతో మా దగ్గరకు వస్తారు. డ్రైవరు సంగతి కూడా చూడండి. మీరు పూజలో ఉన్న రోజంతా అతను నిద్రపోయాడా, లేక బస్సు కడుగుతూ, ఊరు చూస్తూ తిరిగాడా? నిద్రలేని మనిషి చేతికి రాత్రిపూట 50 మంది ప్రాణాలు అప్పగించకండి. ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు. దారిలో ప్రమాదం జరిగితే తమిళనాడులోనూ 108కే ఫోన్ చేయవచ్చు.

ఇల్లు చేరిన రెండు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్ళి వచ్చారో డాక్టరు గారికి తప్పక చెప్పండి. డెంగీ, మలేరియా వెంటనే బయటపడవు. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెడుతుంటే అలసట అనుకుని తైలం రుద్దకండి, ఆ రోజే రండి. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

ఆ అమ్మ ఈసారి కూడా యాత్రకు పేరు రాయించుకున్నారు. బయలుదేరే ముందు వారం డ్రెస్సింగ్ గదికి రమ్మన్నాం, మెత్తటి చెప్పులకు కొలత తీసుకోవాలి. రాత్రిళ్ళు పాదాలు చూడడానికి కోడలు కూడా వెంట వెళుతోంది.