పాత కంప్యూటరును పారవేయవలెనా?

మన పాఠశాలలోని కంప్యూటర్లు ముసలివైనవనియు, వానిని తూకమునకు అమ్మి క్రొత్తవి కొనుట మేలనియు కొందరు తలిదండ్రులు చెప్పుచున్నారు. పిల్లలు వెనుకబడుదురేమోనను వారి ఆరాటము మాకు తెలియనిది కాదు. అయినను తీర్పు చెప్పుటకు ముందు మా మనవి కొంచెము ఆలకింపవలెను.

ఆ కంప్యూటర్లలో ఉన్నది 2016లో వెలువడిన 4.4 లినక్స్ కెర్నెల్. యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడపునది కెర్నెల్. వానినన్నిటిని ఒకదానితో నొకటి కలుపుటకు ఇటీవల వైఫై పరికరములు కొంటిమి. తగిలించిన పిదప అవి పలుకలేదు. వానిని నడపవలసిన మాడ్యూలు కెర్నెలులో లేదు. తయారీదారు దాని మూలమును విడిగా ఇచ్చినాడు. దానిని మనమే కంపైలు చేసికొనవలెను.

మాడ్యూలు చొక్కా వంటిది; ఒంటి కొలతలు తీసికొని కుట్టవలెను. హెడర్ ఫైళ్లే ఆ కొలతలు. 'యునేమ్' అను ఆజ్ఞతో కెర్నెల్ సంఖ్య తెలిసికొని, సరిగా ఆ సంఖ్యకు చెందిన హెడర్లనే తెచ్చుకొనవలెను. వేరొక కెర్నెలుకు కుట్టిన మాడ్యూలును ఈ కెర్నెల్ సాధారణముగా లోనికి రానీయదు.

పదవ తరగతి పిల్లలు హెడర్లు తెచ్చి కంపైలు మొదలిడగా తప్పులు వరుసగా వచ్చినవి. కారణమేమి? లినక్స్ నిర్మాతలు బయటి ప్రోగ్రాములకిచ్చిన మాట తప్పరు గాని, కెర్నెల్ లోపలి ఏర్పాట్లను అవసరమైనప్పుడెల్ల మార్చుచుందురు. 2018లో వచ్చిన 4.15 కెర్నెలు నుండి టైమర్లను సిద్ధపరచు పాత పద్ధతి పోయినది. మాడ్యూలు క్రొత్త పద్ధతిలో వ్రాయబడినది. మన కెర్నెలుకు పాతదే తెలియును. కెర్నెల్ సంఖ్య 4.15 కంటె తక్కువైనచో పాత పద్ధతిని అనుసరింపుమని పిల్లలు ఆ మూలములో షరతు చేర్చిరి. మూడవ సాయంకాలమునకు పని నెరవేరినది.

క్రొత్త కెర్నెలే వేసికొనరాదా యని అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. 4.4 కెర్నెలుకు మూల నిర్మాతల మరమ్మతులు 2022 ఫిబ్రవరితో ఆగినవి. కనుకనే ఈ కంప్యూటర్లను ఇంటర్నెట్టునకు కలుపలేదు. కాని మన సైన్సు ప్రయోగశాలలోని కొలత పరికరమునకు తయారీదారు మూలము ఈయక, 4.4కు తగిన మాడ్యూలు మాత్రమే ఇచ్చినాడు. కెర్నెలు మార్చితిమా, ఆ పరికరము మూలబడును. మూలమున్న వైఫైని పిల్లలే బాగుచేసికొనిరి. మూలము లేని పరికరము మనలను పాత కెర్నెలుకు కట్టివేసినది.

కావున మా అభిప్రాయమిది. కంప్యూటర్లను అమ్మవద్దు. ఇకమీదట ఏ పరికరము కొన్నను, వెలతోపాటు మూలము ఇత్తురా యని ముందుగా అడుగుడు. విద్యార్థులారా! తప్పు చూపిన వాక్యమును చూచి బెదరక, నిదానముగా తుదివరకు చదువుడు. చదువ నేర్చినవానికి బాగుచేయు దారి దొరకును.