కొత్త ఎంటీబీ కొనేముందు ఒక్కసారి మీ ఊరి సైకిల్ షాపు చూడండి

ఫోన్ల విషయంలో ఈ సైట్ చదివేవాళ్లందరికీ ఒక లెక్క తెలుసు. రెండేళ్ల పాత మోడల్ కొంటే అప్‌డేట్లు తక్కువ వస్తాయి, కాబట్టి బడ్జెట్ ఉంటే కొత్తదే కొనాలి. మౌంటెన్ బైక్ విషయంలో నా లెక్క దీనికి పూర్తి రివర్స్. నేను తొక్కేది స్టీల్ ఫ్రేమ్, 26 అంగుళాల చక్రాలు, ముందు 3 వెనక 8 గేర్లు, క్విక్ రిలీజ్ యాక్సిల్ ఉన్న సెకండ్ హ్యాండ్ సైకిల్. పెద్ద కంపెనీలను అడిగితే ఈ లిస్టులో ఒక్కటి కూడా ఇప్పుడు ‘స్టాండర్డ్’ కాదంటాయి. రేపు చేతిలో డబ్బులు పడినా నేను మళ్లీ ఇలాంటిదే కొంటాను. పాత వస్తువుల మీద ప్రేమతో చెప్తున్న మాట కాదు ఇది. నేనుండేది ఓర్వకల్లులో కాబట్టి చెప్తున్నా.

తెలియనివాళ్లకి చెప్పాలంటే, కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే హైవే మీద ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మా ఊరు. రాక్ గార్డెన్ సినిమా షూటింగుల వల్ల చాలామందికి తెలుసు. 2021 మార్చి నుంచి ఎయిర్‌పోర్టు కూడా ఉంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు మీద. సైకిల్ తొక్కేవాడికి మాత్రం ఇక్కడ దొరికేవి వేరు. రాళ్లు తేలిన గుట్టలు, బండ్ల బాటలు, దుమ్ము, పొలాల దగ్గర నల్లరేగడి, దారి పొడవునా కంప చెట్లు. ఎండాకాలం 42 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు. ఆ ఎండలో ఊరికి ఎనిమిది కిలోమీటర్ల అవతల సైకిల్ ఆగిపోతే, దాన్ని రివ్యూలో రాసే ‘చిన్న మైనస్’ అనలేం. బాటిల్‌లో నీళ్లు అయిపోయేలోపు ఇంటికి చేరతామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే నేను సైకిల్ స్పెసిఫికేషన్ చూసేటప్పుడు, ఏ షీట్‌లోనూ రాయని ఒక కాలమ్ ముందు చూస్తాను. ఈ పార్టు పోతే ఎంత దూరంలో దొరుకుతుంది?

పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి నా ఫ్రెండ్ తన కొత్త ఎంటీబీ కారులో వేసుకుని వచ్చాడు. 12 స్పీడ్, 29 అంగుళాలు, బండి చాలా బాగుంది, అందులో అనుమానం లేదు. రెండో రోజు పొద్దున వెనక డీరైలర్ ఒక రాయికి తగిలి హ్యాంగర్ విరిగింది. హ్యాంగర్ అంటే డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టుకునే వేలెడంత అల్యూమినియం ముక్క. ఫ్రేమ్ పాడవకుండా ముందు అదే విరగాలని కావాలనే అలా చేస్తారు. ఐడియా మంచిదే. కానీ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారం. కర్నూలులో నాకు తెలిసిన మెకానిక్ అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది యాడా దొరకదప్పా, కంపెనీకే రాయాల” అని చేతిలో పెట్టేశాడు. ముక్క రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ సైకిల్ మా వరండాలోనే ఉండిపోయింది. నా స్టీల్ ఫ్రేమ్‌కి హ్యాంగర్ ఫ్రేమ్‌తోనే కలిసి ఉంటుంది. రెండుసార్లు వంగింది, రెండుసార్లూ స్క్రూ స్పానర్‌తో పట్టి మళ్లీ లైన్‌లోకి తెచ్చాం. మూడోసారి కూడా వంచుకోవచ్చు, ఎన్నిసార్లని అడిగితే చెప్పలేను.

ఈ హ్యాంగర్ల గోల కంపెనీలకూ తెలుసు. 2019లో స్రామ్ కంపెనీ యూడీహెచ్ అని అందరికీ పనికొచ్చే ఒకే హ్యాంగర్ డిజైన్ తెచ్చి, ఫ్రేమ్ కంపెనీలను ఫ్రీగా వాడుకోమంది. చాలామంది వాడారు. నిజంగా మెచ్చుకోవాల్సిన పని. తర్వాత 2023లో అదే కంపెనీ ట్రాన్స్‌మిషన్ అనే కొత్త గేర్ సిస్టమ్ తెచ్చింది. అది హ్యాంగర్ తీసేసి నేరుగా ఫ్రేమ్‌కి బిగుస్తుంది, కానీ ఆ ఫ్రేమ్ యూడీహెచ్‌కి తయారైనదే అయి ఉండాలి. ఫ్రీగా ఇచ్చిన ప్లగ్‌కి సరిపడే ఖరీదైన చార్జర్ నాలుగేళ్ల తర్వాత అమ్మినట్టుంది నాకు.

ఇక చక్రాల సంగతి. 26 అంగుళాల సైజు ఎవరో ల్యాబ్‌లో కూర్చుని తేల్చింది కాదు. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత ష్విన్ లాంటి లావు టైర్ల సైకిళ్లను పాత సామాన్లలోంచి ఏరి తెచ్చి కొండ మీద నుంచి దించేవాళ్లు. 1976లో మొదలైన వాళ్ల పందెం పేరు రీప్యాక్. ఒక్కసారి కొండ దిగితే వెనక బ్రేక్ హబ్‌లో గ్రీజు కాలిపోయేది, మళ్లీ గ్రీజు పెట్టాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు. ఆ పాత సైకిళ్లకి ఉన్న చక్రం 26 కాబట్టి మౌంటెన్ బైక్ చక్రం 26 అయ్యింది. 1981లో వచ్చిన స్పెషలైజ్డ్ స్టంప్‌జంపర్‌కీ అదే సైజు. మొదటివాళ్లు కూడా దగ్గర్లో ఏది దొరికితే దాంతోనే పని కానిచ్చారన్నమాట.

మన దగ్గర హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎంటీబీ లాంటివి ఒక తరం మొత్తానికి ఆ సైజునే అలవాటు చేశాయి. అందుకే చిన్న షాపులో కూడా ఆ టైరు, ట్యూబు వేలాడుతుంటాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఊరికే “26 టైరు ఇవ్వన్నా” అంటే లేడీస్ సైకిల్ టైరు చేతికి రావచ్చు. 26 x 1 3/8 అని రాసి ఉంటే దాని రిమ్ము సైజు 590, ఎంటీబీది 559. రెండూ ఒకదానికొకటి ఎక్కవు. టైరు పక్కన చిన్నగా 559 అని ఉందో లేదో చూసి డబ్బులివ్వండి. ట్యూబుకి కారు, బైకు లాంటి వాల్వే తీసుకోండి, పెట్రోల్ బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు.

గేర్ల దగ్గర మార్కెటింగ్ మాటలు ఎక్కువ, కాబట్టి లెక్క వేసి చూద్దాం. కొత్త 12 స్పీడ్‌లో వెనక చిన్న చక్రానికి 10 పళ్లు, పెద్దదానికి 51. రేంజ్ 510 శాతం. నా సైకిల్‌కి ముందు 42, 32, 22 పళ్లు, వెనక 11 నుంచి 34. రేంజ్ 590 శాతం. ఎక్కడానికి వాడే అతి తేలిక గేరు చూస్తే, నాది 22ని 34తో భాగిస్తే 0.65. కొత్తదానికి ముందు 32 పళ్లు ఉంటే 0.63. ఈ తేడా కాళ్లకు పెద్దగా తెలియదు. కొత్త సిస్టమ్‌లో ముందు డీరైలర్ ఉండదు, చైను తక్కువ పడిపోతుంది, ఒక్క చేత్తో అన్నీ మార్చొచ్చు. ఇవి నిజమైన లాభాలే. కానీ ఆ 11ని 10 చేయడం కోసం, ఒక్క పన్ను కోసం, షిమానో పాత హెచ్‌జీ ఫ్రీహబ్‌ని పక్కనపెట్టి 2018లో మైక్రోస్ప్లైన్ తెచ్చింది. స్రామ్ అంతకు ముందే ఎక్స్‌డీ అని ఇంకోటి తెచ్చింది. అదే పాత హెచ్‌జీ బాడీ మీద 8, 9, 10 స్పీడ్ క్యాసెట్లు మూడూ ఎక్కుతాయి. చైను కూడా 8 స్పీడ్‌ది ఏడు మిల్లీమీటర్ల పైన వెడల్పు, 12 స్పీడ్‌ది ఐదు చిల్లర. మా దుమ్ములో ఏ చైను అయినా అరుగుతుంది. అరిగినప్పుడు ఒకటి వందల్లో పోతుంది, ఇంకోటి వేలల్లో.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. మేం లైబ్రరీలో పాత కోడ్ పనిచేయకుండా పోయే మార్పు చేస్తే, దానికి గట్టి కారణం చెప్పాలి, మేజర్ వెర్షన్ మార్చాలి, పాతదానికి కొన్నేళ్లు సపోర్ట్ ఇవ్వాలి. సైకిల్ కంపెనీలకు ఆ బాధ లేదు. వెనక హబ్ 135 మిల్లీమీటర్లు ఉండేది, తర్వాత 142 అయింది, 2014లో ట్రెక్, స్రామ్ కలిసి బూస్ట్ పేరుతో 148 చేశాయి, ఆపై 157 కూడా వచ్చింది. 142 నుంచి 148కి తేడా 6 మిల్లీమీటర్లు. పెద్ద చక్రం గట్టిపడుతుందని కారణం చెప్పారు, అది అబద్ధం కాదు. కానీ ఆ ఆరు మిల్లీమీటర్ల వల్ల పాత చక్రం కొత్త ఫ్రేమ్‌కి ఎక్కకుండా పోయింది. నా దృష్టిలో 26, 8 స్పీడ్ సైకిల్ అంటే ఎల్‌టీఎస్ వెర్షన్. కొత్త ఫీచర్లు రావు, సపోర్ట్ మాత్రం ఉంటుంది. ఆ సపోర్ట్ ఇచ్చేది కంపెనీ కాదు, బస్టాండ్ పక్కన షాపు.

కంపెనీలు కూడా కొన్నిచోట్ల చప్పుడు చేయకుండా వెనక్కి వస్తున్నాయి. పెడల్ క్రాంకుల మధ్య బేరింగ్‌ని ఫ్రేమ్‌లోకి నొక్కి కూర్చోబెట్టే ప్రెస్‌ఫిట్ పద్ధతి కొన్నేళ్లు రాజ్యమేలింది. దుమ్ము చేరితే కిర్రు కిర్రు. 2018లో వచ్చిన స్టంప్‌జంపర్‌కి స్పెషలైజ్డ్ మళ్లీ మరతో బిగించే పాత పద్ధతే పెట్టింది. షిమానో 2023లో క్యూస్ అని ఒక గ్రూప్ తెచ్చింది. 9, 10, 11 స్పీడ్‌లు, మందం ఉన్న పళ్లు, పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. క్యాసెట్ మూడు రెట్లు ఎక్కువ మన్నుతుందని కంపెనీయే చెప్పుకుంటోంది. మరి ఇన్నాళ్లూ పళ్లను సన్నం చేసుకుంటూ వచ్చింది ఎందుకట?

బ్రేకుల్లో మాత్రం పాతదే గొప్ప అని నేననను. రబ్బర్లతో రిమ్ముని పట్టే వీ బ్రేక్ నల్లరేగడి బురదలో చేతులెత్తేస్తుంది, బురద అక్కడే పేరుకుని చక్రం తిరగదు. వానలు తక్కువ కాబట్టి నాకు సరిపోతోంది, గోదావరి జిల్లాల్లో ఉంటే డిస్క్ తీసుకునేవాణ్ని. హైడ్రాలిక్ డిస్క్‌లో ఒక తమాషా ఉంది. స్రామ్ బ్రేకులు ఏళ్ల తరబడి డాట్ ఫ్లూయిడ్‌తో నడిచాయి. అది ఏ మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. 2024లో వచ్చిన మావెన్‌కి మినరల్ ఆయిల్ పెట్టారు. ఆ ఆయిల్ చర్మానికి, పెయింటుకి మంచిదే, కానీ మా ఊళ్లో ఉండదు. షిమానో బ్రేకుల్లో ముందు నుంచీ మినరల్ ఆయిలే. దొరకలేదని అందులో డాట్ పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేకే పోతుంది, ఎవరు చెప్పినా పోయొద్దు.

29 అంగుళాల చక్రం రాళ్ల మీద నా 26 కంటే బాగా దొర్లుతుంది. ఫ్రెండ్ బండి తొక్కి చూశాను, తేడా స్పష్టంగా తెలిసింది. ట్యూబ్‌లెస్ కూడా నాకిష్టమే. పల్లేరు కాయ గుచ్చుకుంటే సీలెంట్ దానంతటదే మూసేస్తుంది. కంప ముల్లు పొడుగ్గా లోతుగా దిగితే ప్రతిసారీ మూయదు. పైగా మా ఎండలకు లోపలి సీలెంట్ తొందరగా ఎండిపోతుంది, మళ్లీ మళ్లీ పోయాలి. అది తెప్పించుకునే ఓపిక ఉన్నవాళ్లు వేయించుకోండి. నేను ట్యూబు, ప్యాచ్‌లు, చిన్న పంపు పెట్టుకుని తిరుగుతున్నా.

ఎలక్ట్రానిక్ గేర్ల గురించి ఈ సైట్‌లో అడగకుండా ఉండరు కాబట్టి ఒక్క ముక్క. డీరైలర్‌కి బ్యాటరీ, ఫోన్‌లో యాప్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను చేసేదే అది, ఆదివారం కూడా వద్దు. ఫోన్లలో చార్జింగ్ పోర్టు గోల తీరింది. ఐఫోన్ 2023లో యూఎస్‌బీ సీకి వచ్చింది, యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి అది చట్టం కూడా. చట్టం బెదిరిస్తే గానీ కదలని కంపెనీ కూడా కదిలింది. సైకిల్ హబ్‌కి అలాంటి చట్టం ఎవరూ చేయరు.

నా వాదనకి ఒక గట్టి ఎదురుదెబ్బ ఉంది, అది ముందు ఫోర్క్. పాత ఫ్రేముల్లో హ్యాండిల్ కింద ట్యూబు పైనుంచి కింది దాకా ఒకే లావు, 1 1/8 అంగుళం. ఇప్పుడొచ్చే మంచి సస్పెన్షన్ ఫోర్కులన్నీ దాదాపు కింద లావుగా ఉండే టేపర్డ్ రకమే, అదీ 27.5, 29 చక్రాలకి. 26కి మంచి ఫోర్క్ కొత్తది దొరకడం కష్టం, మంచి గ్రిప్ ఉన్న టైర్లలోనూ ఏటేటా మోడళ్లు తగ్గుతున్నాయి. నా ఫోర్క్ సీళ్ల దగ్గర ఇప్పటికే ఆయిల్ తడి కనిపిస్తోంది. అది పూర్తిగా పోయిన రోజు సస్పెన్షన్ లేని స్టీల్ ఫోర్క్ వేయిస్తా. షాపులో అడిగి పెట్టాను. గుట్ట దిగేటప్పుడు చేతులు అదురుతాయి, స్పీడ్ తగ్గుతుంది, నాకు పర్లేదు. మీకు స్పీడ్ ముఖ్యమైతే, దగ్గర్లో పెద్ద సిటీ ఉంటే, క్యూస్ గేర్లు, మర బీబీ, యూడీహెచ్ ఫ్రేమ్ ఉన్న 29 చూడండి.