పుస్తకం ఉచితమే, రాసేదెవరు?

చిప్పగిరి నుంచి డిగ్రీకి పోయే పిల్లలకు రెండు దారులున్నాయి. గుంతకల్లు దగ్గర. కానీ అది అనంతపురం జిల్లా, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధి. ఆదోని దూరం. కానీ సొంత జిల్లా, రాయలసీమ విశ్వవిద్యాలయం పరిధి. అలా ఒకే మాదిగవాడలో పక్కపక్క ఇళ్ల పిల్లలు రెండు యూనివర్సిటీల విద్యార్థులవుతారు. అయినా ఇద్దరి ముందుకీ వచ్చే ఇంగ్లీషు పేపరు ఇంచుమించు ఒకటే. ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన ఉమ్మడి సిలబస్‌లో 'ఇంగ్లీష్ ప్రాక్సిస్' అనే కోర్సులు వచ్చాయి. వాటిలో ఒకటి అచ్చంగా చదవడం, రాయడం గురించే. ఆ మరుసటి ఏడాది, 2021లో, డిగ్రీలో తెలుగు మీడియాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లకు రాత కోర్సు ఒక పేపరుగా మిగల్లేదు. మిగతా పేపర్లన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. ఇంగ్లీషు మా పిల్లలకు రావాలనే అడుగుతున్నాం. అంబేడ్కర్ వాదం తెలిసినవాళ్లెవరికీ ఈ విషయంలో అనుమానం ఉండదు. మా ప్రశ్న వేరే. రాయడం నేర్పే పుస్తకం ఏది? అది ఎవరి చేతిలో ఉంది?

ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్నది గైడు, జిరాక్సు కాగితాలు. జిరాక్సును తక్కువ చేసి మాట్లాడాల్సిన పని లేదు. పేద పిల్లల లైబ్రరీ అదే. ఢిల్లీ యూనివర్సిటీలో రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు షాపు పక్షాన తీర్పు చెప్పింది. కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 చదువు చెప్పే క్రమంలో చేసుకునే నకళ్లను నేరంగా చూడదని ఆ కేసు తేల్చింది. విద్యార్థి సంఘాలు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి. అయితే జిరాక్సు ఎంత తీసినా ఆ పుస్తకంలో ఉన్నదే వస్తుంది. అందులో మన ఊరు లేకపోతే నకలులోనూ ఉండదు.

ఇక్కడే ఉచిత ఉమ్మడి పాఠ్యపుస్తకాల గురించి ఆలోచించాలి. అమెరికాలో కాలేజీలో చేరిన ప్రతివాళ్లూ దాదాపుగా మొదటి ఏడాది రాత కోర్సు చదవాలి. అక్కడి పుస్తకాల ధరలు మోయలేనివి. మిన్నెసోటాలోని సెయింట్ క్లౌడ్ స్టేట్ యూనివర్సిటీలో మాట్ బార్టన్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి వికీబుక్స్‌లో 'రెటరిక్ అండ్ కాంపొజిషన్' అనే పుస్తకం తయారుచేశారు. రాయడం నేర్చుకునేవాళ్లే ఆ పుస్తకం రాశారన్నమాట. 2010లో 'రైటింగ్ స్పేసెస్' అనే వరుస మొదలైంది. అధ్యాపకులు తలా ఒక వ్యాసం రాస్తారు, తోటివాళ్లు పరిశీలిస్తారు, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

మన దగ్గర ఏముంది? ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఉన్నాయి. చదువుకోవచ్చు, హక్కులు మాత్రం యూనివర్సిటీవే. బడి పాఠాల కోసం కేంద్రం 2013లో ప్రారంభించిన జాతీయ భాండాగారం క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో నడిచింది. కాలేజీ రాత కోర్సుకు, అదీ తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు అందేలా రాసినది మాత్రం మాకు కనబడలేదు. తెలుగు వికీపీడియా 2003 నుంచి పెరుగుతూ వచ్చింది. పాఠ్యపుస్తకాల కోసం పెట్టిన వికీబుక్స్‌లో మాత్రం తెలుగు పని బహు తక్కువ.

ఫ్రీగా దొరకడం వేరు, స్వేచ్ఛగా వాడుకోగలగడం వేరు. కొన్ని లైసెన్సులు చదవనిస్తాయి కానీ మార్చనివ్వవు. అలాంటి పుస్తకాన్ని తెలుగులోకి తేవడం కూడా కుదరదు, మార్పు కిందికే వస్తుంది కాబట్టి. మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి ఉన్న లైసెన్స్ ఉంటేనే మిన్నెసోటా ఉదాహరణ తీసేసి చిప్పగిరి ఉదాహరణ పెట్టగలం.

ఉదాహరణ ఎందుకంత ముఖ్యం? రాత పాఠాల్లో ఉత్తరం అంటే ప్రిన్సిపాలుకు సెలవు చీటీ, లేదా ఊటీ విహారయాత్ర గురించి స్నేహితుడికి రాసే జాబు. మా వాడల్లో జనం నిజంగా రాయించుకునే కాగితాలు వేరు. శ్మశానానికి దారి లేదని తహసీల్దారుకు అర్జీ. స్కాలర్‌షిప్ ఆగిపోయిందని జిల్లా అధికారికి వినతి. సమాచార హక్కు దరఖాస్తు. అన్నిటికన్నా ముఖ్యం, పోలీస్ స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదు.

ఈ ఫిర్యాదు సంగతి కొంచెం వివరంగా చూద్దాం. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో దూషించడం, అవమానించడం గురించిన క్లాజుల్లో 'ప్రజల కంటబడే చోట' అనే షరతు ఉంది. 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ షరతును పట్టుకునే, నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగింది ఆ క్లాజు కిందికి రాదని చెప్పింది. ఆ తీర్పు మీద మా అభ్యంతరాలు మాకున్నాయి, అది ఇంకో వ్యాసం. కానీ రాతకు సంబంధించినంతవరకు దాని అర్థం ఇది: 'నన్ను కులం పేరుతో తిట్టినాడు' అని రాస్తే చాలదు. ఎక్కడ నిలబడి తిట్టినాడు, బావి దగ్గరనా, టీ హోటలు ముందరనా, అప్పుడు అక్కడ ఇంకెవరున్నారు, ఏ మాట అన్నాడు, ఎన్ని గంటలకు? ఈ నాలుగు వాక్యాలు లేకపోతే కేసు మొదట్లోనే బలహీనపడుతుంది. రాత క్లాసులో 'వివరణాత్మక రచన' అని చెప్పేది ఇదే కదా. సూర్యాస్తమయాన్ని వర్ణించమనే బదులు ఈ కాగితాన్ని రాయమనొచ్చు. నైపుణ్యం అదే వస్తుంది. ఇంటికీ పనికొస్తుంది.

ఈ అధ్యాయం ఎవరు రాయాలి? చిప్పగిరి పేరు పుస్తకాల్లో కనబడేది 18వ శతాబ్దపు హరిదాసు విజయదాసు వల్ల. ఆయన కీర్తనలు కన్నడంలో ఉన్నాయి, ఆయన తుది రోజులు ఇక్కడ గడిచాయి. ఆ చరిత్రను కాదనం. అదే ఊరి వాడల పేరు మాత్రం ఏ పుస్తకంలోకి ఎక్కాలన్నా ఎవరో ఒకరు బయటి నుంచి వచ్చి రాయాల్సి వచ్చింది. అందరూ రాయొచ్చు అని తలుపు తెరిచిపెట్టినంత మాత్రాన అందరూ లోపలికి రారు. తీరిక, కంప్యూటరు, ఇంగ్లీషు మీద ధైర్యం ఉన్నవాళ్లు ముందు వస్తారు. వాళ్లెవరో చెప్పనక్కర్లేదు. 'స్వచ్ఛందంగా' రాసిన పుస్తకంలో కూడా అగ్రవర్ణ ఇంటి భోజనాల గదే మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం: ఈ పని చేసే దళిత విద్యార్థులకు, అధ్యాపకులకు డబ్బు ఇవ్వాలి. మా తాతలు ఊరికి ఉచితంగా చేసిన పనికి పేరుంది, వెట్టి. కంప్యూటరు ముందు చేసినంత మాత్రాన దాని స్వభావం మారదు. 2013లో చట్టమైన ఎస్సీ ఉప ప్రణాళిక ఉంది. దాని నిధులు ఎటెటు పోతున్నాయో ప్రతి ఏటా పోట్లాడుతూనే ఉన్నాం. ఒక్కో అధ్యాయానికి గౌరవ వేతనం, రాసినవాళ్ల పేరు పుస్తకం మీద, యూనివర్సిటీ క్రెడిట్లు: ఈ మూడూ అడగడంలో తప్పులేదు. అడగకపోతే తప్పు.

ఇదే కొలత మన రచయితలకూ వర్తిస్తుంది. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. అంబేడ్కర్ 1956లో పోయారు. 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన' మూల ఇంగ్లీషు పాఠం 2017 నుంచి అందరిదీ. వాదన ఎలా నిర్మించాలో, ఎదుటివాడి మాటను ఎలా ఉటంకించి ఎలా ఖండించాలో నేర్పడానికి అంతకన్నా మంచి ఇంగ్లీషు పాఠం మాకు తెలియదు. తెలుగు అనువాదాల హక్కులు మాత్రం అనువాదకుల లెక్క ప్రకారం విడిగా చూసుకోవాలి. జాషువ 1971లో పోయారు. కాబట్టి ఆయన రచనలు 2031 చివరి దాకా హక్కుదారులవి. బతికున్న దళిత కవుల కవితలైతే అడిగే తీసుకోవాలి, వీలైతే డబ్బిచ్చి తీసుకోవాలి. 'ఉద్యమం కోసం కదా' అని ఊరికే లాక్కోవడం మనవాళ్లలోనూ ఉన్న అలవాటే.

ఇక సుగ్గి. పడమటి కర్నూలు కుటుంబాలు మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు పక్కకు పోయేది సరిగ్గా రెండో సెమిస్టరు నడిచే నెలల్లో. చిప్పగిరి, ఆలూరు, కోసిగి, పెద్దకడుబూరు, ఏ మండలమైనా అంతే. డిగ్రీ పిల్లలు కూడా అమ్మానాయనల వెంట పోతారు, ఒక కూలి తగ్గితే ఆ ఏడాది అప్పు తీరదు. చేను గట్టు మీద గుడిసెలో ఇంటర్నెట్టు ఉంటుందని లెక్కేసి తయారుచేసిన పుస్తకం వాళ్లకు పనికిరాదు. ఒక్కో అధ్యాయం విడిగా, బొమ్మలు తక్కువగా, వాట్సాప్‌లో పంపగలిగే చిన్న ఫైలుగా ఉండాలి. ఇంట్లో ఉన్న ఒకే ఫోనులో రాత్రిపూట చదవగలగాలి. తిరిగొచ్చాక చూసుకోవడానికి కాలేజీ లైబ్రరీలో, ఎస్సీ హాస్టల్లో అచ్చు ప్రతి ఉండాలి. తెరిచిన లైసెన్స్ ఉంటే అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, జిరాక్సు షాపే ప్రెస్సు.

ఆదోని, ఎమ్మిగనూరు, గుంతకల్లు కాలేజీల్లోని విద్యార్థి సంఘాలు ఒక్కో అధ్యాయం పంచుకుంటే చాలు, పని మొదలవుతుంది. ఫిర్యాదు అధ్యాయంతో మొదలుపెడదామని మా ప్రతిపాదన. ఊరి పేర్లు, మనుషుల పేర్లు మార్చి, నిజంగా స్టేషన్లో ఇచ్చిన పాత కాగితాలను ముందుపెట్టుకుని, ఏ వాక్యం లేకపోవడం వల్ల ఏది వీగిపోయిందో లాయర్లతో కూర్చుని చూడాలి. డిసెంబరు లోపు, సుగ్గి బండ్లు కదిలే లోపు, ఆ ఒక్కటి పిల్లల ఫోన్లలోకి చేరాలి.