చక్రం పెరిగింది, గాలి తరిగింది

కొత్త కారుకు పెట్టిన పసుపు కుంకుమలు ఆరకముందే దాని చక్రాలు ఊడదీసి, అంతకంటె పెద్ద చక్రాలు తొడిగే ఆచారం ఒకటి మన పల్లెల దాకా వచ్చింది. దీని పేరు 'స్పోర్ట్స్ లుక్'. ఈ ఆచారానికి శాస్త్రమూ లేదు, సుఖమూ లేదు. ఉన్నదల్లా నలుగురి కంటికి ఆనడమన్న తాపత్రయం. నా వాదాన్ని ముందే చెప్పేస్తాను. రోడ్డు దెబ్బల నుండి కారులోని మనిషిని మొట్టమొదట కాపాడేది టైరులోని గాలి. చక్రం పెంచిన ప్రతిసారీ మనం ఆ గాలిని అమ్ముకుని లోహాన్ని కొనుక్కుంటున్నాం. ఈ బేరం మన రోడ్ల మీద శుద్ధ దండుగ.

వాదానికి దిగేముందు ఒక మాట అరువు తెచ్చుకోవాలి. టైరుకు నేలనంటే భాగం ఒకటి, చక్రపు అంచు నుండి నేల దాకా నిలబడే పక్కభాగం మరొకటి. పంక్చరు కొట్లలో దీన్ని సైడ్‌వాల్ అంటారు. నేను చెంప అంటాను. రోడ్డు కొట్టే దెబ్బ మొదట పడేది అక్కడే కనుక ఆ పేరు దానికి తగినదే.

ఇక లెక్క చూద్దాం. టైరు మీద 185/65 ఆర్ 15 అని రాసి ఉంటే, దాని వెడల్పు 185 మిల్లీమీటర్లు, చెంప ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు, లోపలి చక్రం 15 అంగుళాలు అని అర్థం. 2018 నాటి మారుతి స్విఫ్ట్‌లో ఖరీదైన రకానికి వచ్చిన టైరు ఇదే. అదే కారులో చవక రకానికి 165/80 ఆర్ 14 ఇచ్చారు. దాని చెంప 132 మిల్లీమీటర్లు. దీన్నిబట్టి ఒక చిత్రమైన సంగతి తెలుస్తుంది: తక్కువ డబ్బు పెట్టినవాడికే గాలి ఎక్కువ దక్కింది. ఇప్పుడు మన కుర్రవాడు దుకాణానికి వెళ్ళి 17 అంగుళాల చక్రానికి 205/45 టైరు వేయించుకున్నాడనుకోండి. చెంప 92 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. పదిహేను నుండి పదిహేడుకు ఎక్కినందుకు చెల్లించిన మూల్యం 28 మిల్లీమీటర్ల గాలి, ఉన్నదాంట్లో దాదాపు నాలుగో వంతు.

"అంగుళమున్నర కూడా లేదు కదా, దానికింత రాద్ధాంతమా?" అనేవారికి మా ఊరి దారులు చూపించాలి. నందిగాం టెక్కలికీ పలాసకూ నడుమ ఉంటుంది. 2010లో కొత్త అంకెలు వేసేదాకా అయిదో నంబరుగా చెలామణీ అయిన జాతీయ రహదారి ఇప్పుడు పదహారో నంబరుతో, నాలుగు వరుసలతో సాగుతోంది. ఆ రహదారి మీద ఉన్నంతసేపూ పెద్ద చక్రం రాజాలాగే పరుగెడుతుంది. కానీ మనం బతికేది రహదారి మీద కాదు గదా! జీడితోటల నడుమ నుండి వజ్రపుకొత్తూరు వైపో, మందస, కవిటి వైపో మళ్ళితే సన్నని తారు రోడ్లే దిక్కు. ఎదురుగా కొబ్బరికాయల లోడుతో వ్యాను వస్తే ఒక పక్క చక్రాలు ఇసుకలోకి దించక తప్పదు. దాటిపోయాక మళ్ళీ పైకెక్కాలి. విరిగిన తారు అంచు కత్తివాదరలా చెంపను కోసేది సరిగ్గా అప్పుడే. పొడుగు చెంప వంగి, ఆ దెబ్బను దిగమింగి, మళ్ళీ లేస్తుంది. పొట్టి చెంపకు వంగే జాగా లేదు. టైరు తారు అంచుకూ చక్రపు అంచుకూ నడుమ నలిగిపోతుంది. లోపలి దారాలు తెగితే చెంప మీద బుడిపె లేస్తుంది; దాన్ని అతికించే మందు లేదు, టైరు పారేయవలసిందే. దెబ్బ ఇంకాస్త గట్టిదైతే అల్లాయ్ చక్రం సొట్టపోతుంది, లేదా పగులుతుంది. ఇనుప చక్రమైతే సుత్తితో సరిచేయించుకుని ఇల్లు చేరవచ్చు. పగిలిన అల్లాయ్‌తో ఆ అవకాశం కూడా ఉండదు.

గాలి టైరు ఎందుకు పుట్టిందో ఒకసారి తలచుకుంటే మన తెలివితక్కువ ఎంతటిదో తెలుస్తుంది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు వాడు గాలి చక్రానికి పేటెంటు పొందాడు. అది మరుగునపడింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ వీధిలో కుదుపులకు గురికాకుండా ఉండేందుకు దాన్ని మళ్ళీ కనిపెట్టాడు. ఆ టైరు పుట్టుకలోనే ఒక పిల్లవాడి ఒంటి సుఖం ఉంది. మన ఎడ్లబండ్ల కథా అదే. కొయ్య ఆకులు, ఇనుప పట్టా ఉన్న నాటుబండి చక్రం ఎంత పెద్దదైనా, బండిలో కూర్చున్నవాడి నడుము విరిచేది. తరువాత వచ్చిన టైరు బండి చక్రం దానికంటె చిన్నదే. అయినా ఎద్దు మెడకూ మనిషి నడుముకూ అది వరమైంది, కారణం లోపలి గాలి. ఇప్పుడు లక్షలు పోసి కారు కొని, చక్రంలో లోహం పెంచి గాలి తగ్గించుకుంటూ, తాతగారు దిగి వచ్చిన నాటుబండి వైపే మనవడు వెనక్కి నడుస్తున్నాడు.

ఇక్కడ ఒక తెలివైన ఆక్షేపణ వస్తుంది. "నాటుబండి చక్రం పెద్దది కనుకనే గోతులు సులువుగా దాటేది. పెద్ద చక్రం మంచిదని మీరే ఒప్పుకున్నట్టు కదా?" నిజమే, నేలను తాకే చక్రం వ్యాసం పెద్దదైతే గోతిలో తక్కువ కూరుకుపోతుంది. కానీ కారుకు పెద్ద అల్లాయ్ వేసినప్పుడు ఆ వ్యాసం పెరగదు. పైన చెప్పిన 15 అంగుళాల టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు, 17 అంగుళాలది 616. అయిదు మిల్లీమీటర్లు తగ్గింది కూడా! స్పీడోమీటరు తప్పు చూపకుండా, టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉండాలని కావాలనే అలా కుదురుస్తారు. అంటే గోతిని దాటే శక్తి ఏమీ రాలేదు, గోతి దెబ్బను ఓర్చే శక్తి మాత్రం పోయింది.

ఇక బరువు సంగతి. కారు బరువులో ఎక్కువ భాగం స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. చక్రం, టైరు, బ్రేకు మాత్రం స్ప్రింగుల కింద ఉంటాయి. గతుకు తగిలినప్పుడు ఈ కింది బరువు ఎంత తేలికైతే అంత చురుకుగా లేచి, అంత చురుకుగా నేలను మళ్ళీ అంటుకుంటుంది. బరువైతే, లేచిన చక్రాన్ని అదుపులోకి తేవడానికి షాక్ అబ్జార్బరు పెనుగులాడాలి; ఆ పెనుగులాటే మన వెన్నుకు అందే కుదుపు. మంచి పనితనంతో చేసిన అల్లాయ్ అదే కొలత ఇనుప చక్రం కంటె తేలికగా ఉండవచ్చు, కాదనను. కానీ చవకగా పోతపోసిన పెద్ద చక్రం తరచు బరువైనదే. పైగా ఆ బరువు ఇరుసుకు దూరంగా, అంచున చేరుతుంది. తిరిగే వస్తువులో బరువు కేంద్రానికి రెండింతల దూరం జరిగితే దాన్ని తిప్పడానికీ ఆపడానికీ నాలుగింతల శ్రమ కావాలి. ఆ శ్రమ ఇంజనుకూ, బ్రేకుకూ, చివరకు మన పెట్రోలు ఖర్చుకూ చేరుతుంది. దుకాణంలో చక్రం మెరుపు చూపిస్తారు, ఫోటో చూపిస్తారు. దాని బరువెంతో అడిగి చూడండి, జవాబు దొరకడం కష్టం.

అన్నిటికంటె హాస్యాస్పదమైనది 'స్పోర్ట్స్' అన్న మాట. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5ను చూడండి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో దానంతగా అమ్ముడుపోయినది మరొకటి లేదు. 2016లో పది లక్షలవది తయారైంది. ఆ తొలి కారు చక్రం 14 అంగుళాలు, టైరు 185/60. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్‌కు ముందు 15, వెనుక 16 అంగుళాల చక్రాలు. తేలికదనమే వేగమని నమ్మిన కంపెనీ అది. ఫార్ములా వన్ పందెపు కార్లు 2021 ముగిసేదాకా 13 అంగుళాల చక్రాలతోనే పరుగెత్తాయి. వాటి సస్పెన్షన్ చేయవలసిన పనిలో పెద్ద వాటాను ఉబ్బిన చెంపలే మోశాయి. 2022లో 18 అంగుళాలకు మారినప్పుడు కారు మొత్తాన్నీ కొత్త నిబంధనల ప్రకారం మళ్ళీ రూపొందించుకున్నారు. మనవాడు మార్చేది మాత్రం నాలుగు చక్రాలే. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ పాత చెంపల లెక్కతో కూర్చినవి. కొత్త కాపురానికి వాటి సమ్మతి ఎవరూ అడగలేదు.

ఎదుటి పక్షానికి ఒక న్యాయం చేయాలి. చెంప పొట్టిదైతే స్టీరింగు తిప్పిన వెంటనే కారు స్పందిస్తుంది, మలుపులో టైరు తక్కువగా ఒరుగుతుంది. అద్దంలాంటి రోడ్డు మీద ఇది నిజమైన లాభమే. కానీ గతుకుల రోడ్డు మీద బిగుసుకున్న టైరు నేలను వదిలి ఎగురుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఎక్కడిది? స్పోర్ట్స్ కారులో కోరుకునే ఆ పట్టే మొదట పోతుంది. పోనీ మెత్తదనం కోసం గాలి కొంచెం తగ్గిస్తే సరిపోతుందా అంటే, అది మరింత ప్రమాదం. పొట్టి టైరులో ఉన్నదే కొద్దిపాటి గాలి. అదీ తగ్గిస్తే చెంప అతిగా నలిగి వేడెక్కుతుంది, చక్రపు అంచు నేరుగా గోతిని కొడుతుంది.

"నా కారు, నా డబ్బు, నీకేమిటి నొప్పి?" అన్న ప్రశ్న ఇక మిగిలింది. నొప్పి నాకు కాదు, వెనుక సీటుకు. ముందు సీటులో ఉన్నవాడు గోతిని ముందే చూస్తాడు, స్టీరింగు పట్టుకుని ఒళ్ళు బిగిస్తాడు. వెనుక కూర్చున్నవాళ్ళకు ఆ హెచ్చరిక ఉండదు. ఉద్దానంలో ఆ వెనుక సీటులో ఎవరుంటారో మనకు తెలియనిదా? ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బుతో ఈ ప్రాంతం ఎలా కుంగిపోయిందో లోకానికంతా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే ఒకనాటితో తీరే చికిత్స కాదు. వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి, ఏళ్ళ తరబడి పోవలసిన ప్రయాణం. నాలుగు గంటలు యంత్రానికి అతుక్కుని, నీరసించి, తల తిరుగుతూ ఇంటికి మళ్ళే పెద్దమనిషికి ఊళ్ళో దొరికే వాహనం ఆటో, లేదా ఎవరో ఒకరి కారు. ఆ కారు కుర్రవాడి ముచ్చట కోసం బిగుసుకుపోయి ఉంటే, ప్రతి గోతి దెబ్బా ఆ నీరసించిన ఒంటికి నేరుగా చేరుతుంది. మన పల్లెల్లో కారు ఒక్కడి సొత్తు కాదు. అది పెళ్ళికి పల్లకి, రోగానికి అంబులెన్సు, కాన్పుకు డోలీ. దాని చక్రాలు మార్చే హక్కు యజమానికే ఉండవచ్చు గానీ, ఆ మార్పు దెబ్బలు తినేది మాత్రం ఊరంతా.

చట్టం కూడా ఈ విషయంలో ఉదాసీనంగా లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అయినా పోలీసుల భయంతో మానవలసిన పని కాదిది. ఇంగితంతో మానవలసిన పని.

ముచ్చట తీరాలంటే దారులు లేకపోలేదు. అదే కారు పై రకానికి కంపెనీయే ఇచ్చిన కొలత దాకా వెళ్ళండి, ఆపైన వద్దు. టైరు మోయగల బరువు అంకె పాతదానికంటె తగ్గకుండా చూడండి. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఎంత గాలి రాసి ఉందో అంతే కొట్టించండి. అల్లాయ్‌లకు పోయదలచిన డబ్బుతో అదే కొలతలో మేలురకం టైర్లు నాలుగు, అరిగిన షాక్ అబ్జార్బర్లకు బదులు కొత్తవి కొనుక్కుంటే కారు నిజంగానే స్పోర్ట్స్ కారులా నడుస్తుంది; చూసేవాళ్ళకు తెలియకపోవచ్చు, కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది.

మిత్రులారా, మీ ఊళ్ళో ఎవరైనా కొత్త చక్రాలు చూపించి ఎలా ఉన్నాయని అడిగితే, బాగున్నాయని వెంటనే అనేయకండి. "మీ అమ్మగారిని వెనుక కూర్చోబెట్టుకుని పలాస దాకా ఒకసారి వెళ్ళి రా బాబూ, తరువాత ఆవిడనే అడుగుదాం" అనండి.